డబ్బా మీది పసుపు దారం

జనగామ నుంచి భూపాలపల్లికి ఎవరైనా వరంగల్ మీదుగా పోతారు. బుద్ధున్నవాళ్ల దారి అదే. నేను మహబూబాబాద్ మీదుగా పోయాను. బండిని ముందు కురవి వీరన్నకు చూపిస్తానని అమ్మ మొక్కుకుంది మరి.

బండి మా అన్నది. అరవై తొమ్మిదిలో ఊరూరికీ ఉద్యమం కబురు మోసిన మోటార్ సైకిల్. అప్పుడు అన్న వెనక కూర్చుని తిరిగినవాళ్లు తరువాత కార్లెక్కారు. అన్న భూపాలపల్లిలో సైకిళ్లు బాగుచేసుకుంటున్నాడు. కొట్టంలో తుప్పుపట్టిన బండిని ఇన్నేళ్లకు నేను విప్పి, రంగేసి నిలబెట్టాను. అంతలోనే కబురొచ్చింది. షుగర్ పుండు ముదిరి అన్న కుడికాలు తీసేస్తారట, మర్నాడు సాయంత్రం జీపులో హైదరాబాద్ దవాఖానకు తీసుకుపోతారట.

"కాలు పోకముందు ఒక్కసారి కిక్కు మీద పెడత, బండి తెమ్మను" అన్నాడట.

నేను అన్నం తినొచ్చేలోపు అమ్మ బండికంతా పసుపు బొట్లు పెట్టేసింది. సీటు కింద నేను తెరిచి ఉంచిన కరెంటు డబ్బాకు మూత పెట్టి, పసుపు దారం చుట్టి ముడేసింది.

"అన్న కాలు పెట్టేదాంక ఇది ఇప్పకు బిడ్డా."

తెల్లవారుతుండగా బయలుదేరాను. తొర్రూరులో చాయ్ తాగేదాకా బాగానే ఉంది. నర్సింహులపేట దగ్గర హారన్ కొడితే పిల్లి మూలిగినట్టు వచ్చింది. ఇంజను తిరుగుతుంటే డైనమో బ్యాటరీని నింపాలి, మీటరు ముల్లు కుడికి రావాలి. నా ముల్లు ఎడమకే వాలి ఉంది. బ్యాటరీ ఖాళీ అయితే ఈ బండి ఆగిపోతుంది.

కురవిలో దర్శనం తొందరగానే అవుతుంది. కొబ్బరికాయ గుడి ముందే దొరుకుతుంది. వెళ్లేవాళ్లకు ఏ ఇబ్బందీ లేదు. చక్రం కింద నిమ్మకాయ తొక్కించి తిరిగొస్తుంటే మహబూబాబాద్ చేరకముందే బండి ఆగింది. తండాకు పోతున్న ఒకాయన, పాపం, స్టేషన్ రోడ్డు దాకా నాతోపాటు నెట్టాడు.

అక్కడి మెకానిక్ చూడకుండానే బ్యాటరీ చచ్చిందన్నాడు. నేను ఒప్పుకోలేదు. డైనమో విప్పి చూశాం, బాగుంది. వైర్లు బాగున్నాయి. మిగిలింది డబ్బానే. అది ముట్టొద్దన్నాను.

"గా దారం ఇప్పనియ్యకుంటె ఎట్లనే అన్నా? బండికి తాయెత్తు కడ్తరా ఎవలన్న?"

నవ్వితే నవ్వాడు. బ్యాటరీకి వాడు చార్జింగ్ పెడుతుంటే నేను హోటల్లో నీళ్లచారుతో అన్నం తిన్నాను. మధ్యాహ్నం బయలుదేరితే గూడూరు దాటాక అడవిలో మళ్లీ ఆగింది. ముల్లు ఎడమకే ఉంది.

అప్పుడు దారాన్ని పళ్లతో కొరికేశాను. మూత తీస్తే లోపలంతా పసుపు. డైనమో కరెంటు బ్యాటరీకి పోవాలంటే రెండు చిన్న రేకులు ఒకదాన్నొకటి తాకాలి. వాటి నడుమ నూనె కలిపిన పసుపు ఎండి అట్టకట్టింది. మా అమ్మ ఏ ఇనుమునూ వదల్లేదు. ఏడుపొచ్చింది. అమ్మను తిట్టలేక వీరన్నను తిట్టాను. అగ్గిపెట్టె గీకే పక్కతో రేకులు రుద్దాను. కట్టెల మోపులతో వస్తున్న ఇద్దరు ఆడవాళ్లు మోపులు దించి బండి నెట్టారు. ఇంజను అందుకుంది, ముల్లు టక్కున కుడికి తిరిగింది.

నర్సంపేట, ములుగు ఎట్లా దాటానో గుర్తులేదు. భూపాలపల్లి చేరేసరికి పొద్దు గూకింది. అన్న కొట్టుకు తాళం. పక్కింటి అవ్వ బయటికొచ్చింది.

"నీకోసం మీ అన్న జీపును శానసేపు ఆపిండు బిడ్డా. డ్రైవర్ ఎంతసేపని ఆగుతడు? మీ అన్న ఎనుకకే చూసుకుంట పోయిండు."

ఆమె పెట్టిన రొట్టె తిని కొట్టు అరుగు మీదే పడుకున్నాను. పొద్దున్నే వరంగల్ దారి పట్టాను. నేను హన్మకొండ దాటేసరికి హైదరాబాద్‌లో కాలు తీసేసే ఉంటారు. దారంతా ముల్లు కుడివైపే ఉంది. హారన్ ఖంగుమంది. ఇంత బాగా నడిచే పాత బండి ఈ చుట్టుపక్కల ఇంకొకటి ఉండదు. దాన్ని తీసుకుపోయి చెరువులో తొయ్యాలనిపించింది.

ఇంటి ముందు బండి ఆపగానే అమ్మ వచ్చి సీటు కింద తడిమింది. దారం లేదు. ఆమె ముఖం విప్పారింది.

"ఇప్పినవంటె అన్న కాలు పెట్టినట్టే గద?"

"పెట్టిండు" అన్నాను.

అమ్మ లోపలికి పోయి పసుపు గిన్నె తెచ్చి, కిక్కుకు బొట్టు పెట్టి, దాన్ని ముట్టుకుని కళ్లకద్దుకుంది.