వదినగారి తరఫున మాట్లాడిన రోజులు

గత మంగళవారం ఉదయం మా వదినగారు గ్రేస్ సుశీలగారు ప్రభువు సన్నిధికి చేరుకున్నారు. గణపవరం చుట్టుపక్కల ఎన్నో కుటుంబాలకు ఆమె సుశీలా టీచరు. ఆ గడియ సమీపించిందని వైద్యులు ముందే చెప్పారు, ఆసుపత్రి కాగితాల మీద సంతకం చేసిందీ నేనే. అయినా ఆ శ్వాస ఆగిన క్షణాన, అసలేమీ తెలియనిదానిలా దిగ్భ్రాంతితో నిలబడిపోయాను. ఎంత సిద్ధపడినా మనసు సిద్ధం కాలేదు.

వదినగారు అవివాహిత. ఉద్యోగ జీవితమంతా ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధించి, విరమణానంతరం తాడేపల్లిగూడెంలో మా పక్క వాటాలోనే నివసించారు. నా భర్త దేవదానంగారు ఆమెకు ఒక్కగానొక్క తమ్ముడు. చిన్నతనంలో తండ్రి పోతే, తన జీతంతో ఆయన్ను చదివించింది ఆమే. ఆయనకు అక్క అంటే ప్రాణం. నాకు మాత్రం మొదట్లో ఆమె అంటే బెరుకు. కూరలో ఉప్పు తగ్గిందని ఎంత స్పష్టంగా చెప్పేవారో, నేను చెప్పినది సబబుగా ఉంటే "నువ్వన్నదే రైటు విమలా" అని అంత స్పష్టంగానూ ఒప్పుకొనేవారు.

గుండుగొలనులో మందుల షాపు నడిపే ఆమె శిష్యుడొకరు భూస్థాపన రోజున ఒక సంగతి చెప్పారు. ఆయనకు బాల్యంలో నత్తి ఉండేదట. ప్రశ్న అడిగితే పక్క పిల్లలే గబగబా జవాబు చెప్పేసేవారట. "టీచరుగారు వాళ్లని ఆపేసేవారండి. 'నేనడిగింది వాణ్ణి, వాడే చెప్తాడు' అని, నా మాట పూర్తయ్యేదాకా అలాగే నిలబడేవారండి. బెల్లు కొట్టినా కదిలేవారు కాదు" అంటూ ఆయన కళ్లు తుడుచుకున్నారు.

ఒకరి మాటకు అంత విలువనిచ్చిన మనిషిని మా అత్తగారి అవసానం కలచివేసింది. అత్తగారు స్పృహ కోల్పోయి ఉండగా ఆసుపత్రి వరండాలో బంధువులు తలో మాటా అన్నారు. ఒకరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లమన్నారు, ఒకరు ఇంటికి తెచ్చేయమన్నారు. చివరికి గట్టిగా అరిచినవారి మాటే చెల్లింది. సమాధి దగ్గర నుంచి తిరిగొస్తూ వదినగారు, "అమ్మకేం కావాలో మనలో ఒక్కరికీ తెలీదు విమలా. ఉన్నన్నాళ్లూ అడగనేలేదు" అన్నారు.

తర్వాత కొద్ది రోజులకే నన్ను వెంటబెట్టుకొని ఏలూరులో ఒక న్యాయవాది వద్దకు వెళ్లారు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాసిస్తే సరిపోదా అని నేనడిగాను. "అది ఆవిడకి తెలివి ఉన్నంతవరకేనమ్మా. తెలివి తప్పాక దాన్ని నమ్ముకోలేం. వైద్యం సంగతి విడిగా రాసుకోవాలి, లివింగ్ విల్ అంటారు" అని వివరించారాయన. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ చేయించి, తన తరఫున నిర్ణయం తీసుకొనే వ్యక్తి పేరు అందులో పేర్కొనాలట. వదినగారు తడుముకోకుండా నా పేరు చెప్పారు.

"నేనెందుకండీ వదినా? మీ తమ్ముడుగారున్నారు కదండీ."

"వాడు ఏడుస్తాడు, నేను చెప్పింది వినబడదు. నువ్వు ఏడుస్తూనే వింటావు."

ఈ విషయం తమ్ముడికి చాటుగా చేయలేదామె. ఆదివారం ఆరాధన అయ్యాక, భోజనాల దగ్గర ఆ పత్రం చదివి వినిపించారు. ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకొని లేచిపోయారు. ఎన్నో రోజులు ముభావంగా ఉన్నారు. వదినగారు బతిమాలలేదు, పత్రం మార్చనూ లేదు. మాటల మధ్యలో వీలు దొరికినప్పుడల్లా తన అభీష్టాన్ని మా ఇద్దరికీ మళ్లీ చెప్పేవారు: "మనుషుల్ని గుర్తుపట్టగలిగితే, పాట వినగలిగితే, కుర్చీలో కూలబడి ఉన్నా బతకాలనే ఉంది నాకు. ఆ రెండూ పోతే మాత్రం యంత్రాలకి తగిలించి ఉంచకండి."

పోయిన వేసవిలో ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడిపక్క చచ్చుబడింది, మాట పోయింది, మింగలేని స్థితి. ముక్కులోంచి గొట్టం వేసి ఆహారం ఇవ్వాలన్నారు. బంధువులు నిట్టూర్చారు. "అంత అభిమానవంతురాలు, ఇలా బతకడం ఆవిడకి ఇష్టముండదమ్మా. ఇంటికి తీసుకెళ్దాం" అన్నారు. నా భర్త కూడా ఆ గొట్టాన్ని చూడలేక వారితో ఏకీభవించారు. నేను డాక్టరుగారిని ఒకటే అడిగాను: మనుషుల్ని గుర్తుపడతారాండీ? "అవకాశం ఉందమ్మా. కొన్ని వారాలు చూస్తేగాని చెప్పలేం" అన్నారు. గొట్టం వేయమన్నాను.

"మా అక్కని హింసపెడుతున్నావు" అన్నారు నా భర్త, అందరి ముందూ. పెళ్లయ్యాక ఆయన నాతో అంత కఠినంగా మాట్లాడడం అదే మొదలు.

"నాకు తోచింది కాదండీ ఇది. ఆవిడన్న మాటే చేస్తున్నాను" అన్నాను.

వారం గడిచాక ఒక సాయంత్రం ఆయన మంచం పక్కన కూర్చొని, అక్కకు ప్రీతిపాత్రమైన కీర్తన ఎత్తుకున్నారు. ఆయన పాడితే శ్రుతి ఏనాడూ కుదరదు. రెండో చరణానికి వచ్చేసరికి వదినగారి కనుబొమలు ముడిపడ్డాయి. ఎడమ చెయ్యి మెల్లగా పైకి లేపి, ఇక చాలన్నట్టు ఊపారు. ఆయన పాట ఆపి నవ్వారు, ఆ నవ్వులోనే వెక్కి వెక్కి ఏడ్చారు. "తప్పు పాడానని తెలిసింది విమలా! నేనే పాడానని తెలిసింది!"

ఆ వర్షాకాలమంతా వదినగారు మా ఇంటి వసారాలో కుర్చీలో కూర్చున్నారు. గొట్టం తీసేశారు. జావ, మెత్తగా పిసికిన అన్నం తినేవారు. చూడవచ్చిన శిష్యుల చేతులు పట్టుకొని వదిలేవారు కాదు. కొల్లేరు వైపు నుంచి ఒకామె చేపల పులుసు తెస్తే, మాకెవ్వరికీ దక్కకుండా గిన్నె తన ఒళ్లో పెట్టుకున్నారు.

పక్షవాతం రెండోసారి వచ్చినప్పుడు వదినగారి కనురెప్ప కూడా కదలలేదు. ఊపిరికి యంత్రం పెట్టినా స్పృహ తిరిగి రాదని డాక్టర్లు చెప్పారు. పత్రం చదివి, రెండు బృందాలుగా పరీక్షించి అదే నిర్ధారించారు. ఈసారి తల్లడిల్లింది నా భర్త. "ఏదో ఒకటి చెయ్యమను. కిందటిసారి నువ్వే కదా బతికించావు!" అన్నారు. మళ్లీ ఆయనే అడిగారు: "అక్క ఏమంది? అది మళ్లీ చెప్పు." వదినగారి మాటల్నే, ఒక్కటీ మార్చకుండా చెప్పాను. ఆయన తల వంచుకొని, "అయితే వద్దని చెప్పు. నేనూ నీ పక్కనే ఉంటాను" అన్నారు. ఇద్దరం కలిసి లోపలికి వెళ్లాం.

ప్రేమించినవారి కోసం నిర్ణయించడం వేరు, వారు నిర్ణయించినదానికి లోబడి నిలబడడం వేరు. ఈ రెండోదాన్ని నాకు నేర్పిన గురువు ఆమె. ఆ ధర్మనిష్ఠకు, ఆ నిర్మల హృదయానికి శిరసు వంచి అంజలి ఘటిస్తున్నాను.

నేనూ అలాంటి పత్రం రాయించుకుందామని నిన్న కూర్చున్నాను. నేను మాట్లాడలేని రోజున నా మాట ఎవరు చెప్పాలి? నా భర్త ఏడుస్తారు, పిల్లలు భయపడతారు. ఏడుస్తూనైనా వినగల మనిషి కోసం ఎంత వెతికినా నాకు ఒక్క పేరే తోస్తోంది. ఆ పేరు ఇక ఏ పత్రంలోనూ రాసుకోలేను.