ఒకే తబక్

కరోనా తగ్గిన మరుసటి ఏడాది నన్ను పాతబస్తీలోని ఒక ఓఎస్‌టీ సెంటర్‌కి వేశారు. నేను తెనాలి నుంచి వచ్చి మాదన్నపేటలో స్థిరపడిన నర్సుని. ఓఎస్‌టీ అంటే మత్తుమందు సూదితో ఎక్కించుకునేవాళ్ళకి దాని బదులు మాత్ర ఇచ్చే వైద్యం. బుప్రెనార్ఫిన్ మాత్ర రోజూ మా ఎదుటే నాలుక కింద పెట్టుకోవాలి. ఒళ్ళు పీకడం తగ్గుతుంది, సూది మీదికి మనసు పోదు. సూది తగ్గినకొద్దీ దాంతో పాకే హెచ్‌ఐవీ కూడా తగ్గుతుంది. "మత్తు మాన్పించమంటే మీరే మత్తు ఇస్తారా?" అని వీధిలోవాళ్ళు తిట్టిపోస్తుంటే నాకు ఒళ్ళు మండేది.

చార్మినార్ దగ్గర లక్కగాజులు చేసే సలీమ్‌ని అతని దోస్త్ యూసుఫ్ లాక్కొచ్చాడు. యూసుఫ్ అప్పటికే చాలాకాలంగా మా మాత్ర మీద ఉన్నాడు. అందరినీ అడిగే ప్రశ్నే సలీమ్‌నీ అడిగాను.

"సూది ఎవరితోనన్నా షేర్ చేస్తావా?"

"తౌబా తౌబా! నేనేమన్న గంత గలీజోన్నా సిస్టర్?"

ఆ పౌరుషానికి నవ్వొచ్చింది. రక్తం తీసి పంపాను. తీరా చూస్తే హెచ్‌ఐవీ పాజిటివ్! డాక్టరుగారు విషయం చెప్పాక నేను ఉండబట్టలేక అడిగేశాను.

"మరి షేర్ చెయ్యనన్నావేమయ్యా?"

"అల్లా కసమ్, అబద్ధం చెప్పలే సిస్టర్. షేర్ అంటే పరాయోళ్ళకిచ్చుడు గదా! మేం నలుగురం ఒక్క తబక్‌ల తినేటోళ్ళం. అందుల నాదేంది, నీదేంది?"

తబక్ అంటే చుట్టూ కూర్చుని అందరూ కలిసి తినే పెద్ద పళ్ళెం. సూది కూడా అలాగే చేతులు మారిందన్నమాట. ఇంతకాలం "లేదు" అన్నవాళ్ళంతా ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగారు.

సలీమ్ తనే మిగతావాళ్ళని తీసుకొచ్చాడు. ఇద్దరికీ పాజిటివ్. నాలుగోవాడు యూసుఫ్‌కి మాత్రం నెగెటివ్. నమ్మలేక మళ్ళీ చేయించాం, అదే వచ్చింది.

"తబక్‌ల గిప్పటికీ తింట సిస్టర్. మీ గోలీ మొదలువెట్టినంక సూదే ముట్టలే" అన్నాడు యూసుఫ్. అన్నం కలిసి తింటే రాదు, సూది కలిసి వాడితే వస్తుంది. పుస్తకంలో చదివిన ముక్కే, ఇప్పుడు మనుషుల్లో చూశాను.

అప్పుడు సలీమ్ గొంతు తగ్గించి అన్నాడు: "ఇంట్ల నా బీవీ నస్రీన్ కడుపుతోటున్నది."

మర్నాడే భార్యని తీసుకొచ్చాడు. పాజిటివ్. సలీమ్ గోడకి ఆనుకుని అలాగే కూలబడిపోయాడు. నస్రీన్ ఏడవలేదు, నన్నే చూసింది.

"నేనెన్నడూ ఆ తబక్‌ల చెయ్యి వెట్టలే సిస్టర్. నాకెట్లొచ్చింది?"

మొగుడి నుంచి కూడా వస్తుందని మెల్లగా చెప్పాను. మగవాళ్ళ పళ్ళెంలో ఆమెకి చోటు లేదు, వాళ్ళ రోగంలో మాత్రం వాటా వచ్చింది. ఆ రోజే ఇద్దరికీ హెచ్‌ఐవీని అణిచి ఉంచే మందులు, అంటే ఏఆర్‌టీ, మొదలుపెట్టించాం. సలీమ్ మా మాత్ర కూడా మొదలుపెట్టి ఒక్కరోజూ మానలేదు. పాప పుట్టింది. ఏడాదిన్నర వయసులో చేసిన చివరి పరీక్షలోనూ పాపకి నెగెటివ్ అని తేలాక గానీ నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఇప్పుడు కొత్తగా ఎవరొచ్చినా షేర్ అన్న మాటే ఎత్తను. "నీ తబక్‌లో ఎవరెవరు కూర్చుంటారు?" అని అడుగుతాను. పేర్లు గడగడా చెప్పేస్తారు. ఆ వెంటనే, "ఆ తబక్‌లో చెయ్యి పెట్టనివాళ్ళు ఇంట్లో ఎవరున్నారు?" అంటాను. వాళ్ళనీ పరీక్షకి తీసుకురమ్మని పంపిస్తాను.