కంప్యూటర్‌లో నూకాలత్త గొంతు

ఫిషింగ్ హార్బర్ మొత్తాన్ని గడగడలాడించే ఒక ఆడమనిషి గొంతును, నిండు సభలో ఎలుక కిచకిచగా మార్చిన ఘనత నాది. అదీ మంత్రంతో కాదు, ప్రోగ్రాముతో! అది జరిగి ముప్ఫై ఏళ్ళు దాటింది కాబట్టి ఇప్పుడు మీతోపాటు నేనూ నవ్వుతాను. ఆ రోజు మాత్రం ఎటైనా దూకేద్దామని చూశాను. చుట్టూ నీళ్ళే గానీ, నాకు ఈత రాదు.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. నాన్నగారు పోర్టు ఉద్యోగం కోసం గోదావరి వైపు నుంచి విశాఖ వచ్చారు. నేను పూర్ణా మార్కెట్ దగ్గర ఓ చిన్న సెంటర్లో కంప్యూటర్ పాఠాలు చెప్పేదాన్ని. అక్కడి మిషన్లు మహా నిదానం. స్విచ్చి వేసి టీ తాగి వస్తే, అప్పటికి బద్ధకంగా కళ్ళు తెరిచేవి. 'కీక్' అనడం తప్ప వాటికి మరో మాట రాదు.

మధ్యాహ్నాలు క్లాసులుండేవి కావు. ఫ్యాను గాలికి కిటికీ పరదా మెల్లగా ఊగేది. సముద్రం మీంచి ఉప్పగాలి వచ్చి మానిటరు అద్దం మీద సన్నటి పొరలా పరుచుకునేది. నేను ఆ పొర మీద వేలితో గీతలు గీస్తూ, ఈ పెట్టె ఎప్పుడైనా మనిషిలా మాట్లాడితే ఎలా ఉంటుందా అని కలలు కనేదాన్ని. ఆ కలల్లో కంప్యూటరు యారాడ బీచి అలల్లాగా ఊపిరి తీసి, నన్ను పేరు పెట్టి పిలిచేది. నేను పలికేలోపు ఎవరో ఒకరు వచ్చి, "మేడమ్, ఫ్లాపీ ఇరుక్కుపోయింది" అనేవారు.

ఒకరోజు పాత పత్రికలో ఉపాయం దొరికింది. ప్రింటరు తగిలించే పారలల్ పోర్టుకు ఎనిమిది తీగలుంటాయి కదా, వాటికి వరసగా రెసిస్టర్లు అతికి, చివర స్పీకరు తగిలిస్తే, మనం పంపే అంకెలే శబ్దాలవుతాయట. అంకెకూ అంకెకూ మధ్య రవ్వంత ఆగాలి, అంతే. ఎంతసేపు ఆగాలో మిషన్‌కు ఎలా చెప్పడం? నా మేధస్సు ఇక్కడే వికసించింది. 'ఊరికే ముప్ఫై దాకా లెక్కపెట్టి, తరవాతి అంకె పంపు' అని ప్రోగ్రాములో రాసేశాను.

స్నేహితురాలి ఇంట్లో సౌండ్ కార్డున్న కంప్యూటరు ఒకటుండేది. అక్కడ నా గొంతుతో "నమస్కారం" అని రికార్డు చేసి, ఫ్లాపీలో తెచ్చుకుని, నా పరికరంతో వినిపించాను. మంచులో ఎక్కడో దూరంగా పోతున్న పడవలోంచి ఎవరో పిలిచినట్టు, బుసబుసల మధ్య నుంచి నా గొంతు నాకే వచ్చింది. ఆ సాయంత్రం బస్సులో కళ్ళు తెరిచే కలగంటూ, దిగాల్సిన స్టాపు దాటి మూడు స్టాపులు పోయాను.

మర్నాడు నూకాలత్త చేపలు తెచ్చింది. మాకు చుట్టం కాదు, ఏళ్ళ తరబడి మా ఇంటికి చేపలిచ్చే మనిషి. హార్బర్‌లో వేలం పాట ఆవిడదే. ఆవిడ జెట్టీ మీద "పాడండెహే!" అంటే ఐసు ఫ్యాక్టరీలో ఐసు పగులుతుందని చెప్పుకునేవారు.

"ఏటమ్మీ, గాల్లో తేలిపోతన్నావ్?" అంది.

"కంప్యూటరు చేత మాట్లాడించాను అత్తా! పారలల్ పోర్టులోంచి గొంతు వచ్చింది."

"మన పోర్టులోంచా?"

"కాదత్తా, కంప్యూటరుకి వెనకాల ఉంటుంది, అది."

నూకాలత్త తట్ట దించి, చుట్టూ చూసి, నా చెవి దగ్గరికి వచ్చింది. ఆవిడ గొంతు తగ్గించడం నేనెప్పుడూ చూడలేదు.

"అయితే నాకో పని సేసి పెట్టమ్మీ. సేపలమ్ముకునే ఆడోళ్ళ సంఘం గది తెరుత్తన్నాం. పెద్దాపీసరొత్తాడు. యేలం కాడ రేకుల షెడ్డు కావాలని నన్నడగమంతన్నారు. సేపలన్నీ ఎండకి పాడైపోతన్నాయి కదా. నానడగనేను."

"మీరా? మీకు భయమా?"

"సేపలకాడైతే యముణ్ణయినా తిడతాను. కుర్సీలో కూసున్నోడి ముందు మాత్రం నా నోరు పెగల్దు. నా మాట నీ మిసన్లో ఎట్టీ. అదే సెప్తాది."

నా కల నా కాళ్ళ దగ్గరికే నడిచి వచ్చినట్టనిపించింది. స్నేహితురాలి ఇంటికి తీసుకెళ్ళి, అర నిమిషం మాటలు రికార్డు చేశాను. సెంటర్లో వినిపిస్తే నూకాలత్త కళ్ళు పెద్దవి చేసుకుని, "అచ్చం మా అమ్మ గొంతు లాగే ఉంది" అని స్పీకరుకు దణ్ణం పెట్టింది.

ప్రారంభం రోజు పొద్దున, జెట్టీ మీదున్న సంఘం గదికి కొత్త కంప్యూటరు దిగింది. అట్టపెట్టెలోంచి తీసి బల్ల మీద పెట్టి, పసుపు రాసి బొట్టు పెట్టారు. నేను దాని వెనక నా తీగలూ స్పీకరూ తగిలించాను.

"ఒక్కసారి వేసి చూసుకుంటానత్తా" అన్నాను.

"కొబ్బరికాయ కొట్టకుండా సుచ్చి ఏత్తావా? సాల్లే!"

సరే, ప్రోగ్రాము నాది, గొంతు ఆవిడది, భయమెందుకు అనుకున్నాను. ఆఫీసరుగారు వచ్చారు, కొబ్బరికాయ పగిలింది. నేను గర్వంగా ప్రకటించాను: "ఇప్పుడు నూకాలమ్మగారి విన్నపం కంప్యూటరు వినిపిస్తుంది."

మీట నొక్కాను.

"కిచకిచకిచకిచ కీచ్!"

అర నిమిషం ఉపన్యాసం ఐదు సెకన్లలో అయిపోయింది. మా పాత మిషన్ తాపీగా ముప్ఫై లెక్కపెట్టేది. ఈ కొత్తది చాలా హుషారైంది, కన్ను మూసి తెరిచేలోగా లెక్క ముగించి తరవాతి అంకె మీదికి దూకేస్తోంది. ఈ సంగతి నాకు అప్పుడే తట్టింది.

ఆఫీసరుగారు ముందుకు వంగారు. "ఇది ఏ భాషమ్మా?"

"ఒక్క క్షణమండీ!" కంప్యూటరు ముందు 'టర్బో' అని ఓ బొత్తాం కనిపించింది. నొక్కితే వేగం తగ్గుతుందని తెలుసు. ఎంత తగ్గుతుందో తెలియదు. దాన్ని నొక్కి, మళ్ళీ మీట నొక్కాను.

"అఁ...య్యఁ...గాఁ...రూఁ..."

జలుబు చేసిన గేదె నూతిలో పడి మూలిగినట్టుంది. ఓడ ఏదో కూత వేస్తోందనుకుని కిటికీ పక్కనున్నవాళ్ళు బయటికి తొంగిచూశారు. సభంతా పగలబడి నవ్వింది. నేను మీటలన్నీ నొక్కుతున్నాను, గేదె మాత్రం ఆగడం లేదు.

అప్పుడు నూకాలత్త లేచింది. కొంగు నడుముకు దోపింది.

"ఆపెహే దాన్ని! నా గొంతిలాగుంతాదా? ఎవులికి ఎటకారం?"

నేను తీగ పీకేశాను. కోపం ఆవిడ భయాన్ని ఎప్పుడు మింగేసిందో ఏమో, ఆఫీసరుగారి వైపు తిరిగింది.

"బాబూ, మీరినండి! ఎండలో మా సేపలు మాడిపోతన్నాయి, వానొత్తే మేం తడిసిపోతన్నాం. యేలం కాడ నీడ నేదు. రేకుల షెడ్డెయ్యండి. ఏత్తారా, ఎయ్యరా? ఒకటోసారి... రెండోసారి..."

"వేస్తామమ్మా, వేస్తాం!" అన్నారాయన, మూడోసారి రాకముందే. అక్కడికక్కడే కాగితం మీద రాసి సంతకం పెట్టారు. అన్నట్టుగానే, వానలు పడేలోపు షెడ్డు లేచింది.

వెళ్తూ వెళ్తూ ఆయన నా బల్ల దగ్గర ఆగారు. "మొదటి రెండు గొంతులూ అంత బాగాలేవు గానీ, మూడోది అద్భుతంగా వచ్చిందమ్మా. దానికి ఎంత మెమరీ పట్టింది?" అని అడిగారు. ఆయన ముఖంలో నవ్వు లేదు. వేళాకోళమో నిజమో ఇప్పటికీ నాకు తెలియదు.

"చాలా పట్టిందండీ" అన్నాను.

పాఠకులారా, మీ అందరి ఎదుటా ఒట్టు పెడుతున్నాను. ఇకమీదట ఏ మిషన్‌నూ ఊరికే కూర్చుని అంకెలు లెక్కపెట్టమనను, గడియారం చూసుకుని నడవమంటాను. సొంత గొంతున్న మనిషి పక్కన స్పీకరు పెట్టను. ఈ మాట తప్పితే, వచ్చే జన్మలో ప్రింటరునై పుట్టి, గొంతులో కాగితం అడ్డంపడి, ఆ జన్మంతా అలాగే ఉండిపోదును గాక!