ఫ్రెంచి ఊళ్లో కోడి వేట

లూసియానాలో ఎమ్మెస్ చదువుతున్న రోజుల్లో, గంటన్నర దూరంలో ఒకప్పుడు ఫ్రెంచివాళ్లు కట్టుకున్న చిన్న ఊరు ఉందని తెలిసింది. నెల రోజులు లైబ్రరీ సీడీలు విని ఫ్రెంచి నేర్చుకున్నాను. పాత చర్చి, మ్యూజియం, రెండు వందల ఏళ్ల నాటి ఇల్లు అని చూడవలసినవన్నీ కాగితం మీద రాసుకున్నాను. ఊరంతా సందడిగా ఉంటుందని కావాలనే పండగ రోజు ఎంచుకుని, మా రూమ్మేట్‌ని బయల్దేరదీశాను. ఆమెది వరంగల్ దగ్గర పల్లె. కారూ ఆమెదే.

పండగ కాబట్టి నా కాగితంలోవన్నీ మూసేశారు.

ఊరి చివర ఒక ఇంటి ముందు జనం కనిపిస్తే ఆగాం. వరండాలో కూర్చున్న ముసలావిడను నా ఫ్రెంచిలో పలకరించాను. ఆవిడ శ్రద్ధగా విని ఇంగ్లీషులో జవాబిచ్చింది.

"బాగా మాట్లాడుతున్నావమ్మా. చిన్నప్పుడు స్కూల్లో ఫ్రెంచి మాట్లాడితే మమ్మల్ని కొట్టేవాళ్లు. అందుకే నా పిల్లలకు నేర్పలేదు."

ఫ్రెంచిలో థాంక్స్ చెప్పబోయి ఇంగ్లీషులో చెప్పాను.

ఇంతలో ముసుగులవాళ్లు వచ్చారు. రంగు పీలికలు కుట్టిన బట్టలు, మొనదేలిన పొడవాటి టోపీలు. ఇంటింటికీ తిరిగి సాయంత్రం వంటకు సామాను అడుక్కోవడం అక్కడి ఆచారం. ఇంటివాళ్లు ఇచ్చేది బతికున్న కోడిని, అదీ పట్టుకోగలిగితేనే. ముసలావిడ కొడుకు కోడిని పొలంలోకి విసిరాడు. పాతికమంది బురదలో పడి దొర్లారు. కోడి కంచె కింద దూరి మా వైపు వచ్చింది.

"గట్ల ఉరికితే దొరుకుతదా?" అని గొణిగింది మా రూమ్మేట్. జాకెట్ విప్పి దాని మీద కప్పి, రెక్కలు రెండూ కలిపి పట్టుకుని లేపింది.

ముసుగులవాళ్ల నాయకుడు ఆమెకు టోపీ పెట్టి, వాళ్లు ఊరు తిరిగే ట్రైలర్ బండి ఎక్కించాడు. నన్నూ రమ్మన్నాడు. నేను పండగ చూడ్డానికే వచ్చానని చెప్పాను. చూశాను కూడా, మధ్యాహ్నమంతా ఆమె హ్యాండ్‌బ్యాగ్ మోస్తూ.

సాయంత్రం ఆ రోజు ఇంటింటా దొరికిన కోళ్లన్నీ పెద్ద గిన్నెలో ఉడికాయి. అన్నం మీద పోసి పెట్టారు.

"మన కోడి పులుసే. కారం తక్కువైంది, అంతే," అంది మా రూమ్మేట్.

శాకాహారిని కనుక నాకు అన్నం, ఆలుగడ్డ సలాడ్ మిగిలాయి.

మరుసటి ఏడు పండగకు ఆ ఊరి నుంచి ఆమెకు పిలుపు వచ్చింది. నాకు రాలేదు. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉద్యోగం వచ్చాక కూడా ఆమె ఏటా సెలవు పెట్టి వెళ్లేది.

"మేనేజర్‌కి ఏం రీజన్ చెప్తావ్?" అని ఒకసారి ఫోన్‌లో అడిగాను.

"ఏముంది, మా ఊర్లె పండుగ అని చెప్త," అంది.