గుండుసూది నమలని మాత్రలు

బజారు వీధి మలుపులో, మేడమెట్ల కింది కుట్టుకొట్టులో కూర్చునే ఆవిడను అందరూ గుండుసూది అనేవాళ్ళు. పెదవుల మధ్య ఎప్పుడూ గుండుసూదులు బిగించి ఉండడం ఒక కారణం. ఆ పెదవుల్లోంచి ఊడిపడే మాటలు అసలు కారణం. ఆవిడ కొత్త బట్టలు కుట్టదు, ఇతరులు కుట్టి చెడగొట్టినవాటిని బాగుచేస్తుంది. జారిన భుజాలు ఎక్కించడం, బిగిసిన నడుములు వదులు చేయడం, వంకరపోయిన అంచులు విప్పడం. బతుకంతా పరాయివాళ్ళ తప్పులు విప్పుతూ గడిపిన మనిషికి లోకం మీద గౌరవం ఎక్కణ్ణుంచి వస్తుంది?

"ఎవడు కుట్టాడయ్యా ఈ కోటు? నిన్ను చూసే కుట్టాడా, మీ బీరువాని చూసి కుట్టాడా?" అనేది. వచ్చినవాడు నవ్వి ఊరుకునేవాడు. పని అంత బాగుండేది మరి.

కిడ్నీలు పాడై డయాలసిస్‌కి వెళ్ళడం మొదలుపెట్టాక కూడా ఆ నోరు తగ్గలేదు. అక్కడి మంచం మీద పడుకుని పరదా కుట్టు చూసి పెదవి విరిచేది. ఆస్పత్రివాళ్ళిచ్చిన పథ్యం కాగితం చదివి, "ఇందులో వద్దననిది నీళ్ళు ఒక్కటే అనుకున్నా, అవీ కొలిచి తాగాలట" అని కోడలి చేతిలో పడేసింది.

కొన్నాళ్ళకు ఒళ్ళంతా దురద మొదలైంది. కుట్టుమిషను ముందు కూర్చుని చెక్క స్కేలుతో వీపు గీక్కునేది. రక్తపరీక్షలో ఫాస్ఫరస్ ఎక్కువని తేలింది. డాక్టరమ్మ చిన్నపిల్ల, ఓపిక గలది. "తిండిలోంచి వచ్చే ఫాస్ఫరస్‌ని మీ కిడ్నీలు బయటికి పంపలేకపోతున్నాయమ్మా. అది రక్తంలో పేరుకుంటే దురదే కాదు, ఎముకలు గుల్లబారతాయి, రక్తనాళాలు గట్టిపడతాయి. ఈ మాత్ర కడుపులోనే దాన్ని పట్టుకుని బయటికి తోసేస్తుంది. అందుకే భోజనంతోపాటే వేసుకోవాలి. బాగా నమలాలి. అలాగే మింగేయకూడదు" అంది.

"నమలడానికి ఇదేమన్నా పిప్పరమెంటా?" అంది గుండుసూది.

ఎగతాళి చేసింది గానీ అసలు సంగతి వేరు. ఆవిడవి కట్టుడు పళ్ళు. కింది వరస చిగుళ్ళకు ఒరుసుకుని పుండ్లు పడ్డాయి. మనుషుల ముందు పెట్టుకునేది, కంచం ముందు తీసి కొంగులో దాచేది. మెత్తటి తిండైతే ఎలాగో నోట్లో నలుగుతుంది. సున్నపు బిళ్ళలా ఉండే మాత్రను నమలడం ఎలా? ఊరందరి బట్టలకూ వంకలు పెట్టే తాను, తన నోట్లోవి తనకే సరిపోవట్లేదని ఎవరితో చెప్పుకుంటుంది? గుక్కెడు నీళ్ళతో మాత్రలు మింగేసింది. రోజూ, పూటపూటా అదే పని.

తర్వాతి పరీక్షలోనూ ఫాస్ఫరస్ దిగలేదు.

"నములుతున్నారా అమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

"లేదు, దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నా."

డాక్టరమ్మ నవ్వి, మోతాదు పెంచింది. ఇంటికొచ్చాక, మందులన్నీ మోసమేనని ఆవిడ కోడలికి ఉపన్యాసం ఇచ్చింది. ఆ వారమే తమ్ముడొచ్చి, ఎముకలకు బలమంటూ ఏవో కాల్షియం బిళ్ళల డబ్బా తీశాడు. "ఎవరికో పనిచేశాయట అక్కా."

"మెదడుకు బలమిచ్చేవి దొరికితే ముందు నువ్వు కొనుక్కో" అని డబ్బా వెనక్కి తోసింది. ఆ ఒక్కటీ మంచిపని చేశారని తర్వాత డాక్టరమ్మే అంది. అడక్కుండా వాడితే ఒంట్లో కాల్షియం ఎక్కువైపోయేదట.

ఆ తర్వాత కడుపు బిగుసుకుంది. విరేచనం లేదు, ఆకలి లేదు, నొప్పి మెలిపెడుతోంది. "నీ వంట తిని బతికుండడమే గొప్ప" అని కోడల్ని సాధించింది. వాంతి కూడా అయ్యేసరికి కోడలు ఆటో పిలిచి, రెక్క పట్టుకుని ఎక్కించింది.

ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ దాన్ని వెలుగుకు పట్టి చాలాసేపు చూసింది. పేగుల్లో అక్కడక్కడ గుండ్రంగా తెల్లటి మచ్చలు.

గుండుసూది మెడ చాచి చూసింది. "గుండీలు! పనిలో ఉండి గుండీలు మింగేశానా ఏమిటి?" అంది. ఆ మాట అంటూనే చేయి పెదవుల మీదికి వెళ్ళింది. గుండీలు వెళ్ళినచోటికి సూదులూ వెళ్ళి ఉంటాయేమో!

"గుండీలు కావు. నేనిచ్చిన మాత్రలు" అంది డాక్టరమ్మ. గొంతులో ఓపిక అయిపోయింది. "చెక్కుచెదరకుండా ఉన్నాయి. నమలమన్నది నా సరదాకనుకున్నారా? ఇవిలా పేరుకుంటే పేగులకు అడ్డం పడతాయి. ఆపరేషన్ దాకా వెళ్ళినవాళ్ళున్నారు."

కోడలు అత్తగారి వంక చూసింది. గుండుసూది కట్టుడు పళ్ళు ఊడదీసి మంచం పక్కనున్న స్టీలు పళ్ళెంలో టక్కున పెట్టింది.

"ఇవి నాకు పట్టవు" అంది, బోసినోటితో.

గదిలో ఎవరూ నవ్వలేదు. కోడలు మాత్రం ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.

"ఒక్క మాట చెప్పి ఉండొచ్చుగదమ్మా!" అంది డాక్టరమ్మ. "అన్ని మందులూ నలగ్గొట్టకూడదు గానీ, ఇది నలగ్గొట్టుకోవచ్చు. మెత్తగా పొడి చేసి, ఒక్క ముద్దలో కలుపుకుని వెంటనే తినేయండి. తినని పూట మాత్ర వద్దు. ఆ పూటదీ కలిపి తర్వాత రెండింతలు వేసుకోవద్దు. కడుపు కదలకపోతే కోడలి వంటను తిట్టకుండా నాకు ఫోన్ చేయండి."

ఆపరేషన్ అక్కర్లేకపోయింది. ఆస్పత్రిలో ఉంచి మందులతోనే కడుపు ఖాళీ చేయించారు. అన్నాళ్ళూ ఆవిడ పక్కమంచాల దుప్పట్లకు కూడా వంక పెట్టలేదు. ఒంట్లో బాగాలేదని దీన్నిబట్టే తెలిసిందని కోడలు తర్వాత చెప్పుకుంది.

ఇంటికొచ్చాక కోడలు చిన్న రోలు కొనుక్కొచ్చింది. మాత్ర నూరుతుంటే అత్తగారు పక్కన నిలబడి, "అది పొడా, రాళ్ళా? ఇంకా నూరు" అనేది. ఫాస్ఫరస్ మెల్లగా దిగింది, దురద తగ్గింది. ఎముకల నొప్పి మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి, "కొలత తీసేప్పుడు నిద్రపోయావా నాయనా?" అని అడిగి, కొత్త వరస చేయించుకుంది.

ఒకనాడు డయాలసిస్ గదిలో, పక్క మంచం మీది లారీ డ్రైవరు జేబులోంచి అలాంటి మాత్రే తీసి, తిండీ తిప్పలూ లేకుండా ఉత్త టీతో గుటుక్కున మింగబోయాడు.

"ఆగు!" అంది గుండుసూది. "దేవుడు నీకు పళ్ళిచ్చింది ఫోటోలకా? ముందు ఏదన్నా తిను. తింటూ నమిలి చావు."

డ్రైవరు బిత్తరపోయి మాత్ర మళ్ళీ జేబులో వేసుకున్నాడు. "మీకెలా తెలుసండీ ఇదంతా?" అనడిగాడు.

ఆవిడ వినపడనట్టు అటు తిరిగి పడుకుంది. చెప్పింది పక్కనున్న కోడలే, ఎక్స్‌రేతో సహా.