బంగారి పళ్లు, మా అత్తయ్య గంజి

ఆ రోజు మగ్గం మీంచి దించిన తెల్ల పంచె అంచున ఎర్రటి మరక కనిపించింది. నా వేలు తెగిందేమోనని మా ఆయన కంగారుగా చెయ్యి పట్టుకుని చూశాడు. నాకేమీ కాలేదు. ఆ పంచెల మడత మీద తల పెట్టుకుని పడుకున్నది మా కుక్క బంగారి. దాని నోరు తెరిచి చూస్తే చిగుళ్ల వెంట నెత్తురు, లోపలి పళ్ల నిండా గోధుమరంగు గార, ముక్కు మూసుకోవలసినంత కంపు.

"కుక్క నోరు కంపు కొట్టక మల్లెపూల వాసన వస్తుందా?" అన్నారు అత్తయ్య.

బంగారిని పెంచింది మా అమ్మ. అమ్మ చనిపోయిన ఏడాదే నాకు పెళ్లయింది. మైలవరంలో ఇంటికి తాళం వేసి పెడన కాపురానికి వచ్చినప్పుడు పుట్టింటి నుంచి నా వెంట వచ్చిన ప్రాణం అదొక్కటే. అందుకని కుక్క కోసం ఇంత హైరానా ఏమిటని ఎవరైనా నవ్వితే నవ్వుకోనీ అనుకున్నాను.

నాలుగు రోజులు పోయేసరికి బంగారి అన్నం ముద్ద నోట్లో పెట్టుకోవడం, కుయ్యిమని వదిలెయ్యడం మొదలుపెట్టింది. బెజవాడ గవర్నర్‌పేటలో ఒక పశువుల డాక్టరు గారు కుక్కల పళ్లు కూడా చూస్తారని ఎవరో చెప్పారు. గంపలో పడుకోబెట్టి, పైన పాత చీర కప్పి ఎర్ర బస్సెక్కాం. దారిలో అది మూలిగింది.

"గంపలో ఏంటమ్మా? కుక్కలని ఎక్కించుకోం" అన్నాడు కండక్టరు.

"కుక్క కాదండీ, పేషెంటు" అన్నాను. నా మొహం చూసి టిక్కెట్టు కొట్టాడు.

డాక్టరు గారు టార్చి వేసి చూశారు. "దీన్ని టార్టార్ అంటామమ్మా. చిగుళ్లకి జింజివైటిస్, అంటే వాపు వచ్చింది. ఎనస్థీషియా, అంటే మత్తు ఇచ్చి స్కేలింగ్ చెయ్యాలి, ఆ గారంతా గీకెయ్యాలి" అన్నారు. చేశాక చూస్తే పళ్లు కడిగిన బియ్యంలా ఉన్నాయి. నా సంతోషం చూసి ఆయన వేలు చూపించి మరీ చెప్పారు. "గార నేను తీశాను. మళ్లీ పట్టకుండా చూసుకోవలసింది మీరు. రోజూ మెత్తటి గుడ్డ తడిపి వేలికి చుట్టి చిగుళ్ల దగ్గర తుడవండి. తీపి, జిగురు తిండి వద్దు. మన పళ్లపొడి, పేస్టు అసలు వద్దు, అది ఉమ్మలేదు కదా."

రోజూ తుడిచాను. మొదట్లో రెండుసార్లు కరిచింది. వీధిలో ఆడవాళ్లు పనులు మానుకుని చూడటానికి వచ్చేవాళ్లు. "మాకూ తోముతావా అమ్మాయ్?" అని ఆటపట్టించారు. పట్టించుకోలేదు.

ఇంత చేసినా కొద్ది వారాల్లోనే చిగుళ్లు మళ్లీ ఎర్రబడ్డాయి. తుడిచినంతసేపు లేదు, పళ్ల మీద జిగట చేరేది. ఒక పొద్దున లేచి చూస్తే కంటి కింద దవడ ఉబ్బిపోయి ఉంది. నీళ్లు కూడా ముట్టలేదు. మళ్లీ గంప, మళ్లీ బస్సు.

"మీ క్లీనింగ్ తరవాతే ఇలా అయిందండీ! అంతకు ముందు నీళ్లన్నా తాగేది" అని డాక్టరు గారి మీద పడ్డాను.

ఆయన కోప్పడలేదు. దూదితో పన్ను తుడిచి వాసన చూశారు. "తీపి ఏం పెడుతున్నారమ్మా?"

"ఒట్టండీ, ఏమీ పెట్టడం లేదు."

"పంటి మూలంలో ఆబ్సెస్ అయింది, చీము పట్టింది. ఇన్‌ఫెక్షన్ నెత్తుట్లోకి పోతే గుండెకీ కిడ్నీలకీ ప్రమాదం. పెన్సిలిన్ ఇంజెక్షన్లు చేయించండి. వాపు తగ్గాక ఆ పళ్లు తీసెయ్యాలి. వయసు మళ్లింది కదా, మత్తు తట్టుకుంటుందని మాత్రం నేను మాటివ్వలేను."

ఆ మాట మోసుకుంటూ ఇంటికి వచ్చాను. ఆ సాయంత్రం బంగారి కనబడక పెరట్లోకి వెళితే, అత్తయ్య దాని తల ఒళ్లో పెట్టుకుని గరిటెతో ఏదో పోస్తున్నారు. "రెండు గుక్కలు తాగమ్మా, నా తల్లి కదూ" అంటున్నారు. మగ్గం మీది పడుగు దారాలకి పెట్టడానికి కాచిన గంజిలోంచి ముందుగా ఒక చెంబుడు తీసి, అందులో బెల్లం కలిపారు.

"ఎప్పటి నుంచి పోస్తున్నారు అత్తయ్యా?"

"బెజవాడ నుంచి తెచ్చిన కాడి నుంచీ. జబ్బుపడ్డదానికి పథ్యం పెట్టకపోతే ఎట్టా కోలుకుంటది? నువ్వేమో తోముడే తోముడు."

"చంపేశారు కదండీ!" అని అరిచాను. వీధంతా వినబడింది. ఆవిడ గరిటె కింద పెట్టేసి, చేతులు కడుక్కోకుండానే అలా కూర్చుండిపోయారు. కాపురానికి వచ్చిన కొత్తలో నాకు టైఫాయిడ్ వస్తే ఆ గరిటెతోనే, ఆ బెల్లం గంజే నాకు పోసి బతికించారు. ఆ సంగతి అరిచేశాక గుర్తొచ్చింది.

పళ్లు తీసే రోజున నాకంటే ముందు గంప ఎత్తుకుని బస్సెక్కింది ఆవిడే. ఆస్పత్రి గది బయట బల్ల మీద పక్కపక్కనే కూర్చున్నాం. లోపల నుంచి ఇనప సామాను చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. అమ్మ పోయినప్పుడు నాకు కళ్లలో నీళ్లు రాలేదు. ఆ బల్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఇదీ పోతే అమ్మ చెయ్యి తగిలినదంటూ నాకిక ఏమీ మిగలదు. అత్తయ్య నా తల తన భుజానికి ఆనించుకున్నారు.

చాలాసేపటికి డాక్టరు గారు వచ్చి, "కళ్లు తెరిచిందమ్మా. అప్పుడే సంబరపడకండి, ఈ రెండు మూడు రోజులు గడవాలి" అన్నారు. గడిచాయి. చిగుళ్లు మానేదాకా పిసికిన అన్నం పెట్టి, తిన్న ప్రతిసారీ నోరు తుడిచాం.

ఇప్పుడు బంగారికి ఒక పక్క పళ్లు లేవు. అయినా మగ్గం కింద పడుకుని ఎవరు వచ్చినా మొరుగుతుంది. చిగుళ్లు గులాబీరంగులో ఉన్నాయి.

మీ కుక్కకి పళ్లు క్లీన్ చేయించాక పని అయిపోయిందనుకోకండి. రోజూ తుడవండి, వారానికోసారి పెదవి ఎత్తి లోపలి పళ్లు చూడండి. అంతకంటే ముందు, డాక్టరు చెప్పింది ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పండి. ప్రేమ ఎక్కువ ఉన్నవాళ్లకి ఇంకొకసారి చెప్పండి. నేను చెప్పలేదు.

తుడిచే పని ఇప్పుడు అత్తయ్యదే, నన్ను చెయ్యి పెట్టనివ్వరు. పాత పంచె ముక్క వేలికి చుట్టుకుని, పళ్లు లేని బోసి నోటితో దానికి చెబుతుంటారు. "అదృష్టవంతురాలివే. నావన్నీ ఊడిపోయేదాకా నోరు తెరవమని అడిగినవాళ్లు లేరు."