దానేసు కార్డు చెల్లదన్న ఉదయం

చేపల వేట నిషేధం ముగిసిన మర్నాడు. సోమవారం ఉదయం. శ్రీకాకుళం జిల్లాలో సముద్రపు ఒడ్డున ఒక ఊరు, పేరు రాయను. ఉన్నవాళ్లు: పడవ యజమాని గురుమూర్తి, అతని పడవలో ఏటేటా వేటకు వెళ్లే దానేసు, దానేసు భార్య నూకాలమ్మ, కార్డులు చూసే యంత్రం పట్టుకున్న మత్స్యకారుల సంఘం గుమాస్తా అప్పన్న, చుట్టూ పడవల వాళ్లు కొందరు, నేను.

ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ నా డైరీ ఇలాగే మొదలవుతుంది. ముందు రోజు, తర్వాత మనుషులు, ఆ తర్వాత జరిగింది. ఆ సోమవారం పేజీలో రోజు ఉంది. మనుషులూ ఉన్నారు. జరిగింది లేదు. "పరీక్ష సంతృప్తికరం" అని రాసి మూసేశాను. ఆ రెండు మాటల బరువు ఇన్నేళ్లుగా మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు. తోటి ఉద్యోగులకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకేనేమో మీకు చెప్పగలుగుతున్నాను.

నేను విశాఖపట్నంలో ఒక కార్యాలయంలో ప్రోగ్రాములు రాసేవాణ్ణి. సముద్రంలోకి వెళ్లే ప్రతి మనిషికీ ఒక కార్డు ఇవ్వాలని, దాన్ని ఒడ్డునే యంత్రంలో పెట్టి చూడాలని ఒక ఏర్పాటు జరిగింది. కార్డులో కంటికి కనబడని సంతకం ఒకటి ఉంటుంది. అది అసలుదో కాదో లెక్క కట్టి తేల్చే ప్రోగ్రాముల కట్టను మా వృత్తిలో లైబ్రరీ అంటారు. ఆ లైబ్రరీ నేను రాశాను. దానికి చాలా పేరొచ్చింది. నాకూ వచ్చింది.

అటువంటి ప్రోగ్రాముకు మూడు జవాబులుండాలి. అవును, ఇది అసలుది. కాదు, ఇది అసలుది కాదు. మూడోది, నేను తేల్చలేకపోయాను. కార్డు సరిగ్గా చదవలేకపోవచ్చు, యంత్రంలో మెమరీ చాలకపోవచ్చు, తేదీ పొసగకపోవచ్చు. ఇలాంటి ఇబ్బందులను ఒక్కొక్కటిగా పట్టుకుని, ఇది ఫలానా ఇబ్బంది అని పైకి చెప్పించాలి. అది విసుగు పుట్టించే పని. పొగడ్త రాని పని. నేను మూడో జవాబును రెండోదాంట్లో కలిపేశాను. తేల్చలేకపోతే "చెల్లదు" అనమన్నాను. అనుమానం ఉంటే లోపలికి రానివ్వకపోవడమే భద్రత అని పై అధికారులకు చెప్పాను. అది అబద్ధం కాదు. రానివ్వకపోవడం తప్పు కాదు. కానీ ఎందుకు రానివ్వలేదో యంత్రం పట్టుకున్న మన మనిషికైనా తెలియాలి కదా? తెలియకపోతే ఏమవుతుందో నాకు తెలియదా? తెలుసు. తర్వాత విడదీద్దామనుకున్నాను.

తెరమీద "నకిలీ కార్డు" అన్న మాట రాసింది వేరే విభాగం వాళ్లు. చాలా ఏళ్లు ఆ వంక పట్టుకుని వేలాడాను. వాళ్ల చేతికి నేనిచ్చినవి రెండే జవాబులు. రెండోదానికి వాళ్లు తమకు తోచిన పేరు పెట్టారు.

ఆ ఏర్పాటు ఎలా పనిచేస్తోందో పరీక్షించడానికి ఆ ఉదయం నేను ఒడ్డున ఉన్నాను. కొబ్బరికాయలు కొట్టారు. పడవలకు పసుపు రాశారు. ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉంది. నిషేధం తీశాక మొదటి వేటకు ఏ పడవ ఎవరు ఎక్కుతారో, ఆ ఏడాదంతా ఆ పడవకు వాళ్లే మనుషులు. ఆ రోజు ఒడ్డున మిగిలిపోయినవాణ్ణి మధ్యలో ఎవరూ పిలవరు. వరసగా కార్డులు పెడుతున్నారు. పచ్చదీపం, పచ్చదీపం. దానేసు కార్డు పెట్టగానే ఎర్రదీపం వెలిగింది. మళ్లీ పెట్టారు. మళ్లీ ఎర్రదీపమే.

"ఒరే దానేసూ, నువ్వు నకిలీ అయితే అసలోడు ఎక్కడున్నాడ్రా?" అన్నాడు వెనక నుంచి ఒకడు. "ఆడు నీకన్నా బాగా వల ఏస్తాడేటో, పిలవండ్రా!"

అందరూ నవ్వారు. దానేసు కూడా నవ్వాడు. "పాత కార్డు సముద్రంలో పడిపోనాది బాబూ. ఇది మొన్ననే ఇచ్చినారు, కొత్తది" అన్నాడు నాతో.

గురుమూర్తి నవ్వలేదు. "కొత్తది ఎవుడిచ్చినాడు? ఎక్కడ సేయించినావు?"

"ఆపీసోలే ఇచ్చినారు బావా. నాను సేయించడవేటి?"

"సూడు, నాను నిన్ను కాదన్లేదు. సముద్రంలో పోలీసోలు ఆపినారనుకో, నీ ఒక్కడితో పోదు. పడవంతా ఆగిపోద్ది."

నూకాలమ్మ జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చింది. "ఏటి అన్నా, పుట్టినకాడి నుండీ ఈ ఒడ్డునే ఉన్న మనిషిని పట్టుకుని నకిలీ అంటావేటి? పెట్టికి తెలవకపోతే నీకు తెలవదా?" ఆ తర్వాత నా వైపు తిరిగింది. "బాబూ, ఈ పెట్టిని సేసినోరు మీరేనంట కదా. మీరు సెప్పండి. మా ఆయన కార్డు దొంగదా?"

ఇక్కడే నేను ఆగిపోతుంటాను. ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా ఇక్కడే.

అప్పటికే నేను యంత్రం తెర చూశాను. మూలన చిన్న అక్షరాల్లో తేదీ ఉంటుంది. పొద్దున్న లేచి తేదీ రాయందే కాఫీ ముట్టనివాణ్ణి, నాకది కనబడకుండా ఉంటుందా? ఆ తేదీ కొన్నేళ్ల వెనకది. నిషేధం రోజుల్లో యంత్రం బీరువాలో పడి ఉంది. బ్యాటరీ అయిపోయి, గడియారం మొదటికి పోయింది. కార్డు మీద సంతకం పెట్టే అధికారానికి ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా అని గడువుంటుంది. పాత కార్డులన్నీ పాత గడువులోవి, అందుకని చెల్లాయి. దానేసుది కొత్త గడువు. ఆ యంత్రం లెక్కలో ఆ గడువు ఇంకా మొదలే కాలేదు. యంత్రం నిజంగా చెప్పవలసింది, తేదీ పొసగడం లేదు, నేను తేల్చలేను అని. ఆ మాట దాని నోట్లో నేను పెట్టలేదు.

ఇదంతా నాకు క్షణంలో అర్థమైంది. పూర్తిగా కాకపోయినా, అనుమానం వచ్చేంత అర్థమైంది. "ఆగండి, గడియారం తప్పుంది" అంటే చాలు. కానీ ఆ ఏర్పాటును తీరమంతా పెట్టాలా వద్దా అన్నది ఆ వారంలోనే తేలాలి. అంతమంది ముందు, నేను చేసినది తప్పు చెప్పిందని నేనే చెప్పడమా? ఇది పిరికితనమా, గర్వమా? రెండూ అని ఇప్పుడు అనిపిస్తోంది.

"యంత్రం చెప్పిందంటే చెప్పినట్టేనమ్మా" అన్నాను. "కార్డు నాకివ్వండి. విచారిస్తాం."

దానేసు కార్డును లుంగీ అంచుకు తుడిచి నా చేతిలో పెట్టాడు. గురుమూర్తి వేరే మనిషిని ఎక్కించుకున్నాడు. పడవ వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం శ్రీకాకుళంలో లాడ్జి గదిలో నా దగ్గరున్న మరో యంత్రంలో ఆ కార్డు పెట్టాను. పచ్చదీపం. గడియారం వెనక్కి తిప్పి పెట్టాను. ఎర్రదీపం. సరిచేసి పెట్టాను. పచ్చదీపం. ఇంక తెలియడానికి ఏమీ మిగల్లేదు.

ఆ నెలలోనే లైబ్రరీలో మూడో జవాబును విడదీశాను. మార్పుల వివరాల్లో "చిన్న మెరుగుదల" అని రాశాను. ఎందుకని ఎవరూ అడగలేదు.

తర్వాత కొన్నేళ్లకు వేరే పని మీద ఆ ఊరు వెళ్లి, దానేసు ఎలా ఉన్నాడని ఒక కుర్రాణ్ణి అడిగాను. "ఎవుడు, నకిలీ దానేసా? గుజరాత్ బోట్లకి ఎల్పోనాడు. ఇంటిదాన్నీ తీసికెళ్లిపోనాడు" అన్నాడు. అందులో ఎగతాళి కూడా లేదు. అది అతని పేరైపోయింది. రిటైరయ్యాక ఆమదాలవలసలో స్థిరపడ్డాను. సంచులు భుజాన వేసుకుని గుజరాత్ బోట్లకు వెళ్లేవాళ్లు ఇక్కడే రైలెక్కుతారు. ఎక్కడికి వెళ్లవలసి వచ్చినా నేను స్టేషన్‌కు పోకుండా బస్సులోనే వెళ్తాను. దానేసు కనబడతాడని భయమా, కనబడినా నన్ను పోల్చుకోడని భయమా, నాకే తెలియదు.

ఇంకొకటి మిగిలింది. ఇంతసేపూ దాని చుట్టూ తిరుగుతున్నాను. మీరు నన్ను క్షమించాలని రాయడం లేదు. క్షమించవలసినవాళ్లు మీరు కారు. కార్డు అసలుది. మొదటి నుంచీ అసలుదే. నాకది తెలుసు. ఈ మాట అక్షరాల్లో పెట్టడం ఇదే మొదటిసారి. పెట్టాక గుండెల్లో కాస్త చోటు దొరికినట్టుంది. ఆ చోటులోనే మిగతాదీ రాసేస్తాను.

మర్నాడు ఉదయం కార్డు తీసుకుని ఒడ్డుకు వెళ్లాను. నిజం చెప్పడానికే బయల్దేరాను, ఇది నమ్మండి. గురుమూర్తి పడవ తిరిగొచ్చి ఉంది. జనం చేపల చుట్టూ మూగి ఉన్నారు. దానేసు కొంచెం దూరంగా ఇసకలో కూచున్నాడు. నన్ను చూసి లేచాడు. కార్డు ఇచ్చాను. అప్పన్న చేత యంత్రం గడియారం సరిచేయించి, అందరి ముందూ పెట్టించాను. పచ్చదీపం వెలిగింది. అందరూ నా మొహం వైపు చూశారు.

"కార్డు బాగుచేశాం" అన్నాను.

"అయితే నిన్న బాగోలేదన్నమాటే" అన్నాడు గురుమూర్తి, తన మాట నెగ్గినట్టు.

నేను దిద్దలేదు. దానేసు రెండు చేతులూ జోడించాడు. "మా కోసం మళ్లీ ఇంత దూరం వచ్చినారు బాబూ" అన్నాడు. నూకాలమ్మ చేపల పోగు దగ్గరికి వెళ్లి, ఎవరినో బతిమాలి, రెండు చందువలు తెచ్చి సంచిలో వేసి నాకందించింది.

నేను తీసుకున్నాను.